నాయిన తెలుగులో కాదన్న రోజు

తమిళనాట ఒక మనిషి ఏ పార్టీవాడో నోరు విప్పి అడగక్కర్లేదు, పంచె అంచు రంగు చూస్తే చాలు. మా నాయిన ఆ అంచు ఒకసారి మార్చాడు. కోవిల్‌పట్టి దగ్గరి నూలు మిల్లులో ఎర్రజెండా సంఘానికి ఏళ్ళ తరబడి నాయకుడిగా ఉన్నాడు. రెండుసార్లు సస్పెండయ్యాడు, ఒకసారి జైలుకూ పోయొచ్చాడు. ఆ తరవాత ఉన్నట్టుండి అధికార పార్టీ సంఘంలో చేరాడు. ఎర్రజెండా పట్టుకుంటే గేటు దగ్గర అరవగలం గానీ లోపలికి పోయి యాజమాన్యం ఎదురుగా కూర్చోలేం అన్నది ఆయన వాదన. అందులో కొంత నిజముంది. రంగు అంచు పంచె మొదటిసారి కట్టుకుని బయల్దేరిన రోజు మా అమ్మ ఆయన్ను ఎగాదిగా చూసి, "కొత్త పెండ్లికొడుకు యాడికో పోతుండాడే" అంది. నాయిన నవ్వలేదు. వీధి చివర టీకొట్టులో పాత సంఘంవాళ్ళు ఆయన రావడం చూసి బెంచీ మీంచి లేచిపోయారు.

కొత్త సంఘంలోనూ ఆయనే నాయకుడయ్యాడు. మిల్లులో ఆయనకు తెలియని మూల లేదు, ఆయన మాట వినని సెక్షన్ లేదు. అయినా ఒకసారి గోడ దూకినవాణ్ణి జనం ఓ కంట కనిపెడుతూనే ఉంటారు. ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు. అందుకే ఏ చర్చకు పోయినా ఇద్దరు కార్మికులను వెంట తీసుకుపోయేవాడు. చాటుమాటు బేరాలేవీ లేవని వాళ్ళే సాక్ష్యం చెప్పాలని ఆయన ఉద్దేశం.

పోయినేడు మిల్లువాళ్ళు వైండింగ్ సెక్షన్‌ను కాంట్రాక్టుకు ఇచ్చేస్తామన్నారు. ఆ సెక్షన్లో నూలును కోన్‌ల మీదికి చుట్టేదంతా ఆడవాళ్ళే. కాంట్రాక్టరు చేతికి పోతే పర్మనెంటు ఉద్యోగం పోయినట్టే, రేపు రావద్దంటే ఎల్లుండి లేదు. మిల్లు జిల్లా సరిహద్దు దాటి విరుదునగరం వైపు ఉంది కాబట్టి చర్చలు విరుదునగరంలోని లేబర్ ఆఫీసులో పెట్టారు. నేను విరుదునగరంలోనే గవర్నమెంటు బడిలో టీచర్ని. కాయితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, చదివి చెప్పమని నాయిన అడిగితే ఒక పూట సెలవు పెట్టి వెళ్ళాను. ఆయన వెంట సంఘం కార్యదర్శీ, వైండింగ్ సెక్షన్ నుంచి ఒక అక్కా వచ్చారు. ఇద్దరికీ తమిళం తప్ప మరో భాష రాదు.

అవతలి పక్షాన ఒక్కడే, కొత్త మేనేజరు. ఒట్టపిడారం పక్క పల్లెలో నల్లరేగడి సేద్యం చేసే ఇంటివాడు, మావాడే. మా ఇండ్లలో మాట్లాడేది తెలుగు, గడప దాటితే తమిళం. ఆ తెలుగుకు మాకు బడీ లేదు, పుస్తకమూ లేదు. ఈ అక్షరాలు నేను ముప్పై దాటాక పంతానికి పోయి నేర్చుకున్నవి. కానీ మావాళ్ళలో ఒక గట్టి అలవాటుంది. ఎదుటి మనిషి ఇంటి భాషలో పలకరిస్తే ఇంటి భాషలోనే జవాబివ్వాలి. తమిళంలో జవాబిస్తే ఆ మనిషిని పరాయివాణ్ణి చేసి అవమానించినట్టే లెక్క. పగవాడైనా సరే, ఈ మర్యాద తప్పరు.

చర్చ సగంలో ఉండగా లేబర్ ఆఫీసరుకు కలెక్టరేట్ నుంచి ఫోనొచ్చి బయటికి వెళ్ళాడు. మేనేజరు కుర్చీ ఇటు తిప్పుకున్నాడు.

"ఏం మామా, ఇంట్లో అందరూ బాగుండారా?"

"బాగుండామప్పా. మీ అమ్మ ఎట్లుండాది?"

"ఉండాది మామా." అతను నావైపు చూశాడు. "అక్క దినామూ ఇంత దూరం బస్సులో వస్తుండాదంట గదా, చిన్న బిడ్డను ఇడిసిపెట్టి. పైన మాకు కావాల్సినోళ్ళు ఉండారు. ఒక మాట చెప్తే కోవిల్‌పట్టికే ట్రాన్స్‌ఫర్ అయిపోతాది. నువ్వు ఈ వైండింగ్ సంగతి ఒకటి పట్టించుకోకు."

నా కూతురు రెండో తరగతి. మూడున్నరకు బడి వదిలితే నేను వచ్చేదాకా పక్కింట్లో పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. నాలుగేళ్ళుగా ట్రాన్స్‌ఫర్‌కు అర్జీ పెడుతున్నాను. సిగ్గుపడాల్సిన మాటే, అయినా రాస్తున్నాను: ఒప్పుకో నాయినా అని మనసులో వేడుకున్నాను.

నాయిన గొంతు పెంచలేదు. మామా అని పిలిచినవాడి మీద గొంతెత్తడం మాలో లేదు. నవ్వుమొహంతోనే, మెల్లిగా అన్నాడు.

"అప్పా, ఆ ఆడోళ్ళు నన్ను నమ్మి వచ్చుండారు. నా కూతురి కోసరం వాళ్ళ కూడు తీసేదానికి నేను మనిషిని గాదా? ఈ మాట మల్లా ఎత్తొద్దు. ఎత్తితివా, నన్ను మామా అని పిలిచేది కూడా ఇడిసిపెట్టు."

మేనేజరు కూడా నవ్వేసి ఆయన చేతి మీద చెయ్యి వేశాడు. అప్పుడు నేను పక్కకు చూశాను. కార్యదర్శీ, వైండింగ్ అక్కా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళకు కనబడింది ఇద్దరు మగవాళ్ళు నవ్వుతూ తమ భాషలో తాము మాట్లాడుకోవడం, మధ్యలో నావైపు చూడటం, చివరికి చేతులు కలపడం. ఆఫీసరు తిరిగొచ్చి చర్చను ఇంకో వాయిదాకు వేశాడు. తిరుగు బస్సులో వాళ్ళిద్దరూ మాకు దూరంగా కూర్చున్నారు.

మర్నాటికే మిల్లంతా పాకిపోయింది, వాళ్ళూ వాళ్ళూ ఒకటైపోయారని. నాయిన ఫోన్ చేస్తే సెక్షన్లలో ఎవరూ ఎత్తలేదు. పాత సంఘంవాళ్ళు మాత్రం ఎదురుపడి మరీ నవ్వారు. మూడో రోజు పొద్దున షిఫ్టు మారే వేళ గేటు మీటింగు పెట్టారు. నాయకుణ్ణి ఉంచాలా తీసెయ్యాలా అన్నదే విషయం. నన్ను రావద్దని నాయిన అనలేదు, రమ్మనీ అనలేదు. నేనే వెళ్ళాను.

వైండింగ్ అక్క నన్నే అడిగింది. "టీచర్, మీరు అక్కడే ఉన్నారు. ఆ భాష మీకు తెలుసు. ఏం మాట్లాడుకున్నారు?"

"కాదన్నాడు" అన్నాను.

"దేనికి?"

"సెక్షన్‌ను కాంట్రాక్టుకు ఇవ్వడానికి."

ట్రాన్స్‌ఫర్ సంగతి మింగేశాను. అది చెబితే అనుమానం ఇంకా పెరుగుతుందని భయపడ్డాను. పైగా రేపెప్పుడైనా నా అర్జీ దానంతటది మంజూరైతే ఏం గతి అనుకున్నాను. స్టూలు మీద నిలబడ్డ నాయిన నన్ను చూశాడు.

"నా కూతురు ఒక మాట దాచింది" అని, జరిగిందంతా తమిళంలో పూసగుచ్చినట్టు చెప్పాడు.

కాసేపు గుసగుసలు. మళ్ళీ ఆ అక్కే లేచింది. ఆమె గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"మంచిదన్నా. మా కోసమే కాదన్నావు గదా. మరి మేం పక్కనే నిలబడి ఉన్నాం. మాకు వినబడేట్టు తమిళంలో ఎందుకు అనలేదు?"

మైకు లేకుండా రెండు గంటలు మాట్లాడగల మనిషి. అతను మామా అన్నాడు కాబట్టి అని ఆ జనానికి ఎట్లా చెప్పడం? "తప్పే" అని ఒక్క మాట అన్నాడు.

చేతులెత్తి ఆయన్ను నాయకుడిగానే ఉంచారు. కానీ ఇకమీదట చర్చలకు పోయేది ఆయన కాదు, వైండింగ్ అక్క. ఆ తీర్మానం మినిట్స్ పుస్తకంలో నాయినే తన చేత్తో రాసి సంతకం పెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు కిక్కిరిసి ఉంది, సగం మిల్లువాళ్ళే. రెండు స్టాపులు దాటాక మాకు చోటు దొరికింది. కూర్చున్నాక, నేను పుట్టినప్పటినుంచి నాతో ఏనాడూ తమిళం మాట్లాడని మనిషి, తమిళంలో అడిగాడు.

"నేను సరే అంటే బావుండునని నీకు అనిపించిందా?"

నేను తల ఊపాను.

"నోటితో చెప్పు" అన్నాడు, తమిళంలోనే.

"అనిపించింది" అన్నాను, నేనూ తమిళంలోనే. ముందు సీట్లో కూర్చున్న వైండింగ్ అక్క వెనక్కి తిరిగి నన్ను చూసింది.