ఎద్దులు ఆగిన ఇల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్ల అందరికంటె తెలివైనోడు ఎవరంటే మా చిన్నబాపే అని ఊరంతా చెప్పుకుంట తిరుగుతుండె నేను. చిన్నబాపు అంటే మా నాయన తమ్ముడు. మోటరు చెడిపోతే ఆయననే పిలుస్తుండ్రి, బర్రె ఈనలేక ఇబ్బంది పడితే ఆయననే పిలుస్తుండ్రి. అసొంటి మనిషికి ఒక చలికాలంల మతి పోయిందని ఇంట్ల అందరు అంటుంటే నాకు ఎంత కోపం వస్తుండెనో చెప్పలేను. ఇప్పుడు శంషాబాద్‌ల విమానాలు దిగుతున్నయి చూడుండ్రి, దానికి ఆనుకొనే మా ఊరు. అప్పుడు ఆడ వంకాయ తోటలు, టమాట తోటలు. పొద్దుగూకంగ బండి కట్టి కూరగాయలు సిటీకి తోలితే తెల్లారేసరికి మార్కెట్ల ఉంటుండె. ఆ బండి పని చిన్నబాపుదే.

ఇగ ఆయన చేసిన పనులు వినుండ్రి. నీళ్లు పారిచ్చిన మడికే మళ్ల నీళ్లు పారిచ్చిండు. అంగి తిరగేసి తొడుక్కొని పోయి పెద్దమనుషుల నడుమ కూసున్నడు. మా నానమ్మ అన్నం పెట్టుకుంట, పప్పుల ఉప్పు సరిపోయిందారా అని అడిగితే, ‘రేపు పోత’ అన్నడు. నేను నవ్వలేక సచ్చిన. ఒక్కడే గొడ్ల కొట్టంల నిలబడి బర్రెను చూసి ముసిముసి నవ్వుతుండె. ఎవరన్న పిలిస్తే ఉలిక్కిపడుతుండె.

నానమ్మకు నవ్వు రాలే. పిలగానికి గాలి సోకిందని గుండె బాదుకున్నది. దర్గాకు తీస్కపోయి తాయెత్తు కట్టిచ్చింది. మా అమ్మ ఎర్రనీళ్లతోని దిష్టి తీసింది. ఏం ఫాయిదా లేదు. ఆఖరికి మా తాత మీసం దువ్వుకుంట, పెండ్లి చేస్తే అన్ని సక్కగైతయని తేల్చిండు. బాలాపూర్ దిక్కు మంచి సంబంధం చూసి మాటిచ్చి వచ్చిండు. మా తాత మాటిచ్చిండంటే ఇగ దానికి తిరుగులేదు, ఊరోళ్లందరికి తెలుసు. చిన్నబాపు ఆ ముచ్చట విని గొడ్ల కొట్టంలకు పోయి కూసున్నడు. ఆ రాత్రి నుంచి తిండి బందు పెట్టిండు. ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపొస్తుండె, కానీ ఎందుకో తెల్వదు.

తిండి లేక జ్వరం రానే వచ్చింది. తోట మీద వంకాయలు ముదిరిపోతున్నయి. ఈసారి బండి నేను తోల్త అని తాత లేచిండు. నేను బండి చెక్రం పట్టుకొని ఏడ్చి, కాళ్లు నేలకు కొట్టుకొని, నన్ను గూడ ఎక్కిచ్చుకునేదాక ఇడిసిపెట్టలే. మార్కెట్ల సరుకు మంచిగనే అమ్ముడుపోయింది. తాత నాకు జిలేబి కొనిచ్చిండు. ఎండెక్కినంక ఖాళీ బండితోని వాపసు బయలుదేరినం. తాతకు రాత్రంత నిద్ర లేకపాయె, పగ్గాలు బండికే కట్టి సంచుల మీద ఒరిగిండు. బండ్లు తోలేటోళ్లందరు గట్లనే పండుకుంటుండ్రి, ఇంటి దారి ఎద్దులకు తెలుసు. నేను ముందల కూసొని, బండి మొత్తం నేనే తోలుతున్నట్టు దారిన పోయేటోళ్లందరి దిక్కు చూస్తున్న.

అత్తాపూర్ కాడికి వచ్చినం. అప్పుడది సిటీ కాదు, మూసీ ఒడ్డు ఊరు, అటిటు తోటలే. మా ఎద్దులు ఉన్నట్టుండి రోడ్డు దిగి ఒక సందులకు మళ్లినయి. మళ్లుడే కాదు, నడక పెంచినయి! ఇంటికి పోయేటప్పుడు గూడ అంత జోరుగ ఎప్పుడు నడవలే. మెడల గంటలు గలగలమంటున్నయి. తాతా, ఎద్దులు దారి తప్పినయి అని లేపిన. ‘మన ఎద్దులు దారి తప్పుడేంది’ అనుకుంట తాత లేచి పగ్గం గుంజిండు. అవి వింటే గద! సక్కగ పోయి ఒక పెంకుటిల్లు ముందర, చిక్కుడు పందిరి పక్కకు ఆగి, ఆడున్న తొట్టిల మూతులు పెట్టినయి. తొట్టినిండ కుడితి. అప్పుడే కలిపినట్టున్నది, మీద తవుడు ఇంక తేలుతున్నది.

తాత తొట్టి దిక్కు చూసిండు, ఎద్దుల దిక్కు చూసిండు, ఇంటి దిక్కు చూసిండు. ఆయన మీసం అదరవట్టింది. ఎద్దులకు ఇంత అలవాటైందంటే ఈ బండి ఈడ ఎన్నిసార్లు ఆగి ఉండాలె! ఇగ అయిపోయింది, ఇంటికి పోయినంక చిన్నబాపు వీపు పగులుతది అనుకున్న.

లోపలి నుంచి ఒక పిల్ల ఉరికొచ్చింది. చేతుల నిండ పచ్చగడ్డి. తల వంచుకొని, నవ్వు ఆపుకుంట, ‘ఇయ్యాల ఇంత ఆలిశమా’ అని అననే అన్నది. అని తల ఎత్తింది. బండి మీద చిన్నబాపు లేడు. పెద్ద మీసాలు, చేతిల చెర్నకోల, మా తాత ఉన్నడు.

నేనైతే గడ్డి ఆడ పడేసి ఇంట్లకు ఉరికి తలుపు పెట్టుకుందును. ఎవరైనా గదే చేస్తరు. ఆ పిల్ల చేతులల్ల గడ్డి జారి పడ్డది, నిజమే. కానీ ఆమె ఎనకకు పోలే. ముందుకొచ్చింది! వచ్చి బండి చెక్రం పట్టుకొని తాత కండ్లల్లకు చూసుకుంట అడిగింది. ‘ఆయనకేమైంది? ఎందుకు రాలే? పానం బాగున్నదా?’

తిట్టుదామని నోరు తెరిచిన తాత చెర్నకోల పక్కకు పెట్టిండు. మెల్లగ, ‘జర జ్వరం బిడ్డా, గంతే. భయం లేదు’ అన్నడు. బిడ్డా అని ఎట్లొచ్చిందో ఆయనకే తెల్వదు. ఆ మాట విన్నంక ఆ పిల్లకు తెలివొచ్చింది. ఎవరితోని మాట్లాడుతున్ననో, ఏం మాట్లాడిననో అప్పుడు అర్థమైనట్టుంది, ముఖం ఎర్రగైంది, కొంగు కప్పుకొని లోపలికి ఒక్కటే ఉరుకుడు. నాకు చప్పట్లు కొట్టబుద్ధైంది, తాత కొడ్తడని ఆపుకున్న.

వాళ్ల నాయన చేతులు జోడిచ్చుకుంట బయటికొచ్చిండు. మనోళ్లే, కాకపోతే సొంత భూమి లేదు, తోట కౌలుకు పట్టుకొని బతికేటోళ్లు. ఒకపారి మా బండి ఇరుసు ఈ సందు కాడ రోడ్డు మీద ఇరిగిందట, వీళ్లే సాయం చేసిండ్రట, అట్ల మొదలైంది ఈ ఆగుడు. పాపం ఆయన జోడిచ్చిన చేతులు దించకుండనే చిన్నబాపు ముచ్చట చెప్పవట్టిండు. పాడుబడ్డ మోటరును మీ పిలగాడు బాగు చేసిండయ్యా, కాలువ మళ్లిచ్చి మిట్ట మీది మడికి గూడ నీళ్లెక్కిచ్చిండయ్యా, ఒక్కసారి చెప్పింది మర్చిపోడు, అసొంటి తెలివి నేనేడ చూడలే అన్నడు. నేను ఉండబట్టలేక, ‘నేను చెప్పలేదా తాతా!’ అని అరిచిన. అగో, అప్పుడు నవ్విండు మా తాత. మీసం కింద ఆపుకుందామని చూసిండు గని ఆగలే.

మళ్ల రోడ్డెక్కినంక నన్ను పక్కల కూసోపెట్టుకొని చెప్పిండు. ‘మీ నానమ్మ ఉత్తగ పరేషాన్ అయింది. వాని మతి ఏడికి పోలే, ఆడ సక్కగ పనిచేస్తున్నది.’ జర దూరం పోయినంక మళ్ల అన్నడు. ‘ఆ పిల్ల నన్ను చూసి భయపడాలె. నేను ఏమన్న చేయొచ్చు, వాళ్ల ఇజ్జత్ తీయొచ్చు. తన సంగతి తను మర్చిపోయి వాని పానం గురించి అడిగింది. గంత ఇష్టం ఉన్నోళ్లను ఇడదీస్తే నాకు అన్నం దిగుతదా?’ నాకు అప్పుడు సగమే అర్థమైంది.

ఆయన బండిని ఇంటికి తోలలే. బాలాపూర్ దిక్కు మళ్లిచ్చిండు. పిల్లనిస్తమన్న వాళ్ల వాకిట్ల నిలబడి, నెత్తి మీది రుమాలు తీసి చేతుల పట్టుకొని, తప్పు నాదే అన్నడు. మా వాని మనసు ఇంకోతాన ఉన్నది, మీ బిడ్డను తీస్కపోయి మనసు లేని ఇంట్ల కూసోపెట్టలేను అన్నడు. వాళ్లు ఊకుంటరా? నోటికొచ్చినట్టు తిట్టిండ్రు. మా తాతను గట్ల తిట్టంగ నేను అంతకుముందు చూడలే, తర్వాత చూడలే. ఆయన తల వంచుకొని అన్ని పడ్డడు. ఆఖరికి ఆ పిల్ల తల్లి వచ్చి, పెండ్లి కాకముందే చెప్పినవు, అదే మేలు అని మా ఇద్దరికి సల్ల పోసింది.

ఇంటికొచ్చేసరికి చిన్నబాపు మంచంల ఉన్నడు. తాత చెర్నకోల గోడకు తగిలిచ్చి, ‘ఎద్దులు అన్ని చెప్పినయి. లే, అన్నం తిను’ అన్నడు. ఒక్క ఎగురు ఎగిరిండు చూడుండ్రి మా చిన్నబాపు! దర్వాజకు తల కొట్టుకొని బొప్పి కట్టింది, అయినా నవ్వుతనే ఉన్నడు. ఆ ఎండకాలమే అత్తాపూర్ పిల్ల మాకు చిన్నమ్మై వచ్చింది. వాళ్లు కొట్లాడుకుంటుండ్రి గూడ, లేదని చెప్ప. కానీ ఒకరికి తల నొస్తే ఇంకొకరు ముద్ద ముట్టలే, ముసలోళ్లయినా గట్లనే ఉన్నరు.

తాత ఆనాడు రుమాలు తీసి పట్టుకున్న చేతులు నాకు ఇప్పటికీ కండ్ల ముందర ఉంటయి. ప్రేమ అంటే ఏందని ఎవరన్న నా ముందర పెద్ద పెద్ద మాటలు మాట్లాడితే, నాకు చెక్రం పట్టుకున్న ఆ పిల్ల అడిగిన మాటనే వినబడ్తది. మొన్న నా మనవరాలు, ఎయిర్‌పోర్టుల నౌకరి చేసేది, తనతోని పనిచేసే ఒక పిలగాన్ని చేసుకుంట అన్నది. ఇగ ఇంట్ల ఒక్కటే లొల్లి. వాని జీతమెంత, వాళ్లకు ఇల్లుందా, ఎక్కడోళ్లు అని అందరు అరుస్తున్నరు. నేను దాన్ని నా గదిలకు పిలిచి ఒక్కటే అడిగిన. వానల స్కూటీ జారి పడ్డవు గద బిడ్డా, మీ నాయనైతే ముందుగాల బండి ఎంత పాడైందని అడిగిండు, నాకు యాదికున్నది. ఆ పిలగాడు ఏమడిగిండు?

‘కదలకు, ఏడున్నవో చెప్పు అన్నడు నానమ్మా. డ్యూటీ మధ్యల ఇడిసిపెట్టి తడుసుకుంట ఉరికొచ్చిండు’ అన్నది.

నేను లేచి చీర సర్దుకున్న. లొల్లి చేస్తున్న మా కొడుకును పిలిచి, కారు తీయిరా, ఆ పిలగాని ఇంటికి పోదాం అన్న.