రత్నమాల చుట్టూ గీతలు

మా అమీర్‌పేట ఇంటి కింది వాటాలో అద్దెకుంటున్న రత్నమాల పంజాగుట్టలో ఒక కంపెనీలో టైపిస్టుగా చేరి, టైపు మిషన్లు పోయి కంప్యూటర్లొచ్చాక వాటికే అలవాటుపడింది. ఆ కంపెనీ యజమాని దగా కేసులో జైలుకెళ్ళాడు. ఆఫీసు మెయిళ్ళన్నీ కోర్టు బయటపెట్టింది. ఒక లాయరు తరఫున వాటిని పరిశీలించే పని, మా మేడమీద ఉండే ఫహాద్ వాళ్ళ ఆఫీసుకి వచ్చింది.

లక్షల ఉత్తరాలట! అన్నీ ఎవరు చదువుతారని ఫహాద్‌ని అడిగాను.

"మనిషి చదవడమ్మా, కంప్యూటరే చూస్తది."

అదెలా చూస్తుందో తెలియకపోతే నాకు అన్నం సయించదు. లాప్‌టాప్ తెమ్మని పక్కనే కూర్చున్నాను. తెర మీద బోలెడు చుక్కలు, వాటి మధ్య గీతలు. ఒక్కో చుక్క ఒక్కో మనిషట, గీతలు వాళ్ళు పంపిన మెయిళ్ళట. నడిమధ్యన అప్పడమంత చుక్క ఒకటి.

"గీ దగాకు గీ మనిషే పెద్ద తలకాయ అని కంప్యూటర్ అంటున్నదమ్మా. అందరికీ మెయిళ్ళు పంపింది, జైలుకు పోయిన సేఠ్‌కు సుత. రేపు లాయర్ సాబ్‌కు గీ పేరే ఇయ్యాలె."

కూడబలుక్కుని చదివాను. రత్నమాల! అక్కా అని పిలవడమేగానీ వీడికి ఆవిడ పేరు తెలియదు. పోలీసులు పిలిస్తే ఆ మనిషి వీధిలో తలెత్తుకోగలదా?

"ఏం రాసిందిరా అందరికీ?"

"ఏం రాసిందో కంప్యూటర్ చూడదమ్మా. ఎవరు ఎవరికి, ఎన్నిసార్లు పంపిండ్రు, గంతే."

"నాకు చూడాలనుంది. తెరువు."

తెరిచాడు. వెంకటేశ్వరస్వామి బొమ్మ. కింద ఎర్రక్షరాలు: పదకొండుమందికి పంపితే శుభం, ఆపితే అరిష్టం. ఇంకోటి తెరిస్తే సంతోషిమాత. మరోటి తెరిస్తే మళ్ళీ స్వామే. ఫహాద్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

రత్నమాలని కేకేశాను. ఆవిడ రాగానే సంగతి చెప్పాను.

"ఆపితే అరిష్టమన్నారు కదా పిన్నిగారూ! ఎందుకొచ్చిన గొడవని ఆఫీసందరికీ పంపేశాను."

"ఆ అరిష్టమేదో నేరుగా నీ నెత్తినే కూర్చుంది" అన్నాను.

ఫహాద్ దేవుడి మెయిళ్ళన్నీ పక్కకి తీసి, లెక్క మళ్ళీ కట్టించాడు. అప్పడం ఆవగింజై ఒక మూలకి పోయింది.

"ఫికర్ చేయకు అక్కా. లాయర్ సాబ్‌కు గిదే ఇస్త."

రత్నమాల ఊపిరి పీల్చుకుని చేతులు జోడించింది. వెళ్ళబోతూ ఆగి, తెర మీదికి వంగింది.

"ఈ సన్నగీతలేంటి, నావేనా?"

"నీ సెలవు చీటీలు అక్కా."

"మరి ఇన్నేళ్ళూ పంపిన దేవుడి మెయిళ్ళకి ఎవరూ జవాబు రాయలేదా?"

"రాయలే అక్కా."

"ఒక్కళ్ళు కూడానా?" అంది రత్నమాల.