పాత డాక్టర్ల సంఘంలో మా మావయ్య

మా ఊరి పెద్దాసుపత్రిలో చదువుకుని వెళ్ళిన డాక్టర్లకు ఒక సంఘం ఉంది. సంఘానికి ఒక గది, గదికి ఒక బీరువా, బీరువాకు మా మావయ్య. ముప్ఫై ఒక్క ఏళ్ళు అక్కడ అటెండరుగా చేశాడు. ఉత్తరాలు పంపడం, కుర్చీలు వేయడం, టీ పోయడం ఆయన పనులు.

ఏటా సభలో చనిపోయిన డాక్టర్ల పేర్లు చదువుతారు. ఒక్కో పేరుకూ, ఆయనతో కలిసి చదువుకున్న వాళ్ళెవరైనా లేచి "ఉన్నాడు" అనాలి. అది వాళ్ళ ఆచారం. రానురాను కొన్ని పేర్లకు తోటివాళ్ళు కూడా మిగల్లేదు. అలాంటప్పుడు వెనక నుంచి టీ పళ్ళెంతో మావయ్యే "ఉన్నారండీ" అనేవాడు. ఎవరూ చెప్పలేదు, ఊరుకోబుద్ధి కాక అన్నాడు. తర్వాత అదీ ఆచారమైంది.

యాభై ఏళ్ళు నిండాయని సంఘం చరిత్ర అచ్చు వేద్దామనుకున్నారు. నలుగురు డాక్టర్లు రాయడానికి కూర్చున్నారు. సంఘం ఎవరు పెట్టారన్న దగ్గరే నలుగురూ నాలుగు మాటలు చెప్పారు. చివరికి మావయ్య బీరువాలోని పాత కాగితాలు తీసి చెప్పాడు, వాళ్ళు రాసుకున్నారు. ఆయన కోరిక ఒక్కటే, ఆ పుస్తకంలో ఏదో ఓ మూల తన పేరుండాలని. కార్యదర్శి గారిని అడిగితే, డాక్టర్లకే చోటన్నది నిబంధన అన్నారు. మావయ్య సరేనని టీ పోశాడు. ఇంటికొచ్చి అన్నం సగంలో లేచిపోయాడు.

"చాకిరీ మీది, పేరు వాళ్ళది. బాగుంది," అంది అత్తయ్య. నాకైతే ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టాలనిపించింది.

పుస్తకం చివర వేసే చనిపోయిన వాళ్ళ పట్టిక కూడా మావయ్యే రాసిచ్చాడు. రాసిన ప్రతి కాగితం కిందా తన పేరు రాయడం ఆయనకు అలవాటు. ప్రెస్సువాడు ఆ పేరునూ కలిపేసి, ముందు డాక్టర్ అని కూడా తగిలించాడు. నలుగురు డాక్టర్లూ ప్రూఫు చూశారు. నాడి మాత్రం ఎవరూ చూడలేదు.

సభలో అధ్యక్షుడు పుస్తకం తెరిచి వరసగా చదువుకుంటూ పోయి, చిట్టచివర మావయ్య పేరు చదివారు. ఎవరూ లేవలేదు. అలవాటు ప్రకారం అందరూ వెనక్కి తిరిగి ఆయన వైపే చూశారు.

"ఉన్నానండీ," అన్నాడు మావయ్య.

కార్యదర్శి గారి ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. గబగబా వచ్చి, పొరపాటైపోయింది, ఆ పేరు మీద కాగితం అతికించేద్దామన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మావయ్య ఆయన మాటకు అడ్డు చెప్పడం అదే మొదలు.

"వద్దు సార్, ఉండనివ్వండి. బతికున్నవాళ్ళలో నాకు చోటు లేదన్నారుగా," అని, చల్లారిపోతుందని టీ ఆయన చేతికిచ్చాడు.