చింపేసిన మొదటి ప్రింట్లు

ఆ వీధిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆయన టచింగ్ బాబాయే. సొంత తోడల్లుడు కూడా అలాగే పిలిచేవాడు, ఇక లోకం సంగతి చెప్పేదేముంది! మూడు మెట్లెక్కితే స్టూడియో, దాని పైన ఇల్లు. ముందు గదిలో బూడిదరంగు తెర, గొడుగులు తగిలించిన రెండు దీపాలు, ఎత్తు పెంచి తగ్గించుకునే స్టూలు, గోడకి అద్దం, అద్దం పక్కన మేకుకి తాడుతో కట్టిన దువ్వెన. తాడు ఎందుకంటే, ఫోటో దిగిన ఆనందంలో జనం దువ్వెన కూడా జేబులో వేసుకుపోతారు గనక. వెనక గదిలో బాబాయి బల్ల. అసలు పనంతా ఆ బల్ల మీదే.

ఫోటో ఎవడైనా తీస్తాడని ఆయన ఉద్దేశం. తీసిన మొహాన్ని మనిషి మురిసిపోయేలా దిద్దడమే విద్య. దాన్నే టచింగ్ అంటారు. ఫిల్ము ఉన్న రోజుల్లో నెగటివుని గాజుపలక మీద పెట్టి, కింద దీపం వెలిగించి, సూదిలా చెక్కిన పెన్సిలుతో చుక్కచుక్కగా దిద్దేవాడు. మొటిమల గుంటలు, కళ్ళ కింద నలుపు, కుట్లు పడ్డ గాట్లు అన్నీ హుష్‌కాకి అయిపోయేవి. రంగుల ప్రింట్లు వచ్చాక పెన్సిలు పోయి సన్నటి కుంచె వచ్చింది. ఆ తర్వాత కంప్యూటరు వచ్చింది. తోటివాళ్ళు చాలామంది దుకాణాలు మూసుకున్నారు గానీ, బాబాయి నెల తిరిగేసరికి మౌసుని కూడా కుంచెలాగే లొంగదీశాడు.

ఆయనకో నియమం ఉండేది. పని నేర్పిన గురువు పెట్టింది. దిద్దడానికి ముందు వేసిన మొదటి ప్రింటు ఎవరి కంటా పడకూడదు. పనవగానే నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వెయ్యాలి. "వాళ్ళ మొహంలో ఏం ఉందో వాళ్ళు అద్దంలో చూసుకునే వచ్చారు. మళ్ళీ మనం చూపించక్కర్లేదురా" అనేవాడట ఆ గురువు. కంప్యూటరొచ్చాక చింపడానికి కాగితం లేదు గనక ఫైలు చెరిపేసేవాడు. మర్యాద తెలిసినవాడి పద్ధతి. అందులో తప్పుపట్టడానికేమీ లేదు, ఆయన దాన్ని ఇంటిదాకా తీసుకెళ్ళనంతవరకు.

పెళ్ళయిన ఏడేళ్ళకు కూతురు పుట్టింది. ఎడమ కంటి కింద మొదలై, చెంపంతా పరుచుకుని, దవడ దాకా ఎర్రటి పుట్టుమచ్చ. చూడ్డానికొచ్చిన చుట్టాల్లో ఒకావిడ పొత్తిగుడ్డ తొలగించి, "అయ్యో, అందులోనూ ఆడపిల్ల!" అంది. బాబాయికి ఒళ్ళు మండిపోయింది. "నా కూతురికేం తక్కువ? మహారాణిలా ఉంది" అంటూ పిల్లని ఆవిడ చేతుల్లోంచి తీసేసుకున్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. నమ్మే అన్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పిల్లకి ఎనిమిదో నెలలో పిల్లల డాక్టరు కూర్చోబెట్టి చెప్పాడు. చర్మం కింద సన్నటి రక్తనాళాలు వెడల్పయి ఇలా వస్తుందని, దానంతటది పోదని, వయసుతోపాటు ముదురుతుందని, లేజరుతో తగ్గించవచ్చని, పసితనంలో చర్మం పల్చగా ఉంటుంది గనక ఇప్పుడే మొదలుపెడితే మంచిదని. ఇంటికొచ్చాక భార్య మెల్లగా కదిపింది.

"చేయిద్దామండీ. పెద్దయ్యాక పిల్ల మనల్ని అనకూడదు."

"పసిగుడ్డు మొహం మీద ఆ వెలుగు కొట్టిస్తావా? ఏడిస్తే చూడగలవా? ఉన్నపిల్లని ఉన్నట్టు ముద్దుచేసుకోలేమా మనం?"

ఆ రోజు గట్టిగా పట్టుబట్టాల్సిందని ఆవిడ ఇప్పటికీ తనని తాను తిట్టుకుంటుంది.

మొదటి పుట్టినరోజుకి బాబాయి స్వయంగా ఫోటో తీశాడు. స్టూలు మీద పిల్ల, స్టూలు వెనక కనపడకుండా వంగుని పట్టుకున్న తల్లి. మొదటి ప్రింటు వెనక గదిలో బల్ల మీదకి వచ్చింది. ఆయన ఏమీ అనుకోలేదు, నిర్ణయించుకోనూ లేదు. చెయ్యి దానంతటదే కుంచె అందుకుంది. గంటన్నరలో చెంప వెన్నముద్దలా తేలింది. మొదటి ప్రింటు నాలుగు ముక్కలైంది.

భార్య ఆ ఫోటోని చాలాసేపు చూసింది. "ఎవరండీ ఈ పిల్ల?"

"ఎవరేంటి? మన బుజ్జమ్మే."

"మన బుజ్జమ్మకి మచ్చ ఉంది కదండీ."

"రేపు పెద్దయ్యాక చూసుకుని బాధపడకూడదని తీసేశాను. అంత కూడా తెలీదా?"

అలా రెండో పుట్టినరోజు, మూడోది, బడిలో చేరిన రోజు, సైకిలు నేర్చుకున్న రోజు. బడి గ్రూపు ఫోటో కూడా ఆయన తీసిందే. మూడు వరసల్లో నలభైమంది పిల్లలు. ముందు వరసలో ఒక్క చెంప మీద మాత్రం కుంచె నడిచింది. ఆయన తీసిన ఏ ఫోటోలోనూ బుజ్జమ్మ పళ్ళు కనపడేలా నవ్వలేదు. కెమెరా చూడగానే తల కాస్త ఎడమకి తిప్పేసి, కుడి చెంప ముందుకి పెట్టి, బిగుసుకుపోయి కూర్చునేది. ఫోటోజెనిక్ పిల్ల, ఏ యాంగిల్లో కూర్చోవాలో దానికే తెలుసు అని బాబాయి అందరికీ గొప్పగా చెప్పేవాడు. ఎంత తెలివైన మనిషైనా సొంతింట్లో ఇంత గుడ్డివాడు అవుతాడా అనిపిస్తుంది, కానీ అవుతాడు.

పదిహేనేళ్ళప్పుడు పరీక్ష హాలు గుమ్మంలో ఆ పిల్లని ఆపేశారు. హాల్‌టికెట్ మీది ఫోటో నీది కాదు, మీ అక్కదా అన్నారు. ఇరవై నిమిషాలు నిలబెట్టి, ఇద్దరు మాస్టర్లు మొహం దగ్గరకొచ్చి పోల్చి చూసి, అప్పుడు లోపలికి పంపారు. ఇంటికొచ్చి ఏడవలేదు. "నాన్నా, నాకు ఇంకో ఫోటో కావాలి. నాలా ఉండేది" అంది. బాబాయి పనులన్నీ పక్కనపెట్టి ఆ సాయంత్రమే తీసిచ్చాడు. మచ్చ ఉంది, కాకపోతే సగం రంగులో ఉంది.

"చూడు, అచ్చం నీలాగే ఉంది. కాస్త పల్చన చేశానంతే."

పిల్ల తీసుకుని పుస్తకంలో పెట్టుకుంది. ఏమీ అనలేదు గనక నచ్చిందనుకున్నాడు.

తర్వాత బుజ్జమ్మ కళ్ళద్దాల దుకాణంలో పనికి చేరింది. ఫ్రేము మనిషి ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో చూసి సరిచెయ్యడం ఆమె పని. రోజంతా జానెడు దూరంలో ఎవరో ఒకరి మొహం. కొత్త అద్దాలు పెట్టుకోగానే చాలామందికి మొట్టమొదట స్పష్టంగా కనపడేది ఆమె చెంపే. కొందరు చటుక్కున చూపు తిప్పుకునేవారు. కొందరు ఏం పూసుకోవాలో సలహా చెప్పేవారు. ఇరవై ఏడో ఏట ఒకరోజు అన్నం తింటూ చెప్పింది. "లేజరు చేయించుకుంటున్నాను. అపాయింట్‌మెంట్ తీసుకున్నా."

"నీకేం తక్కువ తల్లీ?" అన్నాడు బాబాయి అలవాటుగా. "సరే, నేనూ వస్తాను" అని కూడా అన్నాడు.

చర్మవ్యాధుల డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. చెంపని వేలితో నొక్కి, వదిలి, రంగు తిరిగి రావడం చూసింది. "చిన్నప్పటి ఫోటోలుంటే ఈసారి తెండి. మచ్చ ఏ వయసులో ఎంత ముదిరిందో, ఎక్కడ మందమైందో చూస్తే నాకు ఒక అంచనా వస్తుంది" అంది. ఫోటోలా! బాబాయికి ఇంతకంటే కావలసిందేముంది? మర్నాడు మూడు ఆల్బములు సంచిలో మోసుకుని పెళ్ళికొడుకులా తయారయ్యాడు.

డాక్టరమ్మ మొదటి ఆల్బము గబగబా తిప్పింది. రెండోది నెమ్మదిగా తిప్పింది. తర్వాత మళ్ళీ మొదటిది తీసింది.

"ఇవి మీ పెద్దమ్మాయివాండీ?"

"కాదండీ, ఈ అమ్మాయివే. మాకు ఒక్కతే."

"అయితే ఇదివరకు ఎక్కడో ట్రీట్‌మెంట్ అయిందన్నమాట. మళ్ళీ ఎప్పుడు తిరగబెట్టింది?"

"ట్రీట్‌మెంట్ కాదండీ, టచింగ్. నేనే చేశాను." ఆ గొంతులో అప్పుడు కూడా రవ్వంత గర్వం ఉంది. అది తనకే వినపడి బాబాయికి సిగ్గేసింది.

"చాలా బాగా చేశారు. దిద్దకముందువి ఇవ్వండి మరి."

"ఉంచనండీ. చింపేస్తాను."

డాక్టరమ్మ ఆల్బములు మూసి బల్ల మీదనుంచి ఇవతలికి జరిపింది. పసితనంలో మొదలుపెట్టి ఉంటే చాలావరకు తగ్గేదని, ఇప్పుడు పది పన్నెండు సిట్టింగులు పడతాయని, రంగు తేలికపడుతుంది గానీ పూర్తిగా పోతుందని మాటివ్వలేనని చెప్పింది.

"పాపం అప్పట్లో ఇవన్నీ ఎవరికి తెలుసు డాక్టర్" అంది బుజ్జమ్మ, తండ్రిని వెనకేసుకొస్తూ.

బాబాయి నోరు మూసుకుని ఊరుకుంటే ఆ మాట అక్కడితో చెల్లిపోయేది. కానీ బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాక ఆయన వల్ల కాలేదు.

"తెలుసమ్మా. నీ ఎనిమిదో నెలలో డాక్టరు చెప్పాడు. అమ్మ చేయిద్దామంది. నేనే వద్దన్నాను."

బుజ్జమ్మ ఆయన వైపు తిరిగింది. "ఎందుకు నాన్నా?"

"ఎలా ఉన్నా నా కళ్ళకి బాగానే ఉన్నావని."

"మరి ఫోటోలు?"

గట్టిగా కూడా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. బాబాయి నోరు తెరిచాడు. పెద్దయ్యాక బాధపడకూడదని అన్న పాతమాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ బాధ ఎవరిదో ఇరవై ఏడేళ్ళ తర్వాత ఆ బెంచీ మీద ఆయనకి అర్థమైంది. కూతురిది కాదు, తనది. తను చూడలేకపోయాడు.

"నా చిన్నప్పటిది ఒక్కటైనా ఎక్కడైనా ఉందేమో చూస్తావా?" అంది ఆమె లేస్తూ.

పది రోజులు వెతికాడు. స్టూడియో అటకలన్నీ దింపాడు, పాత నెగటివుల కవర్లన్నీ దులిపాడు. ఊళ్ళోవాళ్ళ నెగటివులు వందలకొద్దీ ఉన్నాయి గానీ, కూతురివి మాత్రం ఒక్కటి లేదు, మొదటి ప్రింట్లతోపాటు వాటినీ అప్పుడే కత్తిరించి పారేశాడు. తోడల్లుడికి ఫోన్ చేశాడు. "బాబాయ్, మీ ఇంట్లో నువ్వుండగా ఇంకొకడు కెమెరా తీసే ధైర్యం చేశాడా ఎప్పుడైనా?" అన్నాడతను నవ్వుతూ. బాబాయి నవ్వలేదు. చివరికి భార్యని అడిగాడు.

"పుట్టినరోజుది ఒకటి దాచుకుందామని చెత్తబుట్టలోంచి ముక్కలు ఏరానండీ" అంది ఆవిడ. "మూడే దొరికాయి. నాలుగో ముక్క లేకుండా ఏం చేసుకోను? చెంప ఉన్నది ఆ ముక్కలోనే. మిగతావీ పారేశాను."

మొదటి సిట్టింగు రోజు నర్సు వచ్చి, మొదలుపెట్టేముందు ఒక ఫోటో తీసి ఫైల్లో పెట్టాలంది. బాబాయి చప్పున లేచాడు. కెమెరా సంచిలో తెచ్చుకునే ఉన్నాడు. "నేను తీస్తానమ్మా. ఏమీ ముట్టుకోను, ఒట్టు."

"వద్దు నాన్నా. ఆవిడ తీస్తుందిలే" అంది బుజ్జమ్మ. కోపం లేదు, విసుగు లేదు. కోపమైనా ఉంటే కాస్త నయంగా ఉండేది. నర్సు గోడకి నిలబెట్టి ఫోనుతో తీసింది, వెలుతురు కూడా చూసుకోకుండా.

లోపల ఆమె కళ్ళకి నల్లటి కవచం పెట్టారు. లేజరు పడ్డ ప్రతిసారీ రబ్బరుబ్యాండు లాగి కొట్టినట్టుంటుందని ముందే చెప్పారు. తలుపు ఇవతల బాబాయికి టప్, టప్ మని వినిపించింది. లెక్కపెట్టడం మొదలుపెట్టి, నూట పది దాటాక మానేశాడు. పసిపిల్ల ఏడిస్తే చూడలేనన్నవాడు, ఇప్పుడు పెద్దపిల్ల ఏడవకుండా ఓర్చుకోవడం వింటూ కూర్చున్నాడు.

ప్రతి సిట్టింగు తర్వాతా చెంప మీద నేరేడుపండు రంగులో గుండ్రంగా కమిలిన మచ్చలు తేలేవి. పది రోజులకు దిగేవి. రెండు నెలలకొకసారి మళ్ళీ. ఏడాది దాటేసరికి మచ్చ గులాబీ రంగుకి వచ్చింది. అంచులు దవడ దగ్గర అలాగే ఉండిపోయాయి. ఏడో సిట్టింగు అయ్యాక బుజ్జమ్మ ఇక చాలంది. డాక్టరమ్మ కూడా బలవంతపెట్టలేదు.

ఆ నెలలోనే దుకాణంలో ఆమెని మేనేజరు చేశారు. ఒక సాయంత్రం కొత్త గుర్తింపు కార్డు భోజనాల బల్ల మీద పెట్టి, కాళ్ళు కడుక్కోడానికి వెళ్ళింది. బాబాయి కార్డు తీసి చూశాడు. ఫోటోలో బుజ్జమ్మ మొహం తిన్నగా ఉంది. ఎడమ చెంప మీద గులాబీ మచ్చ మొత్తం కనిపిస్తోంది. ముక్కు కింద నీడ పడింది, వెనక తెర ముడతలుగా ఉంది, తీసినవాడెవడో పనిమంతుడు కాదు. ఆమె పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. ఆ నవ్వు బాబాయి ఎన్నడూ ఏ ఫోటోలోనూ చూడలేదు.

తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుంటూ కూతురు వచ్చింది.

"ఎక్కడ తీయించావమ్మా?"

"బస్టాండు ఎదురుగా కొత్త స్టూడియోలో."

ఇంటి కింద స్టూడియో పెట్టుకుని, కూతురు రెండు బస్సులు మారి వెళ్ళి ఇంకొకరి స్టూలు మీద కూర్చుంది. బాబాయి ఆ మాట అనలేదు. అనే హక్కు లేదని తెలుసు.

"బాగా తీశాడు" అన్నాడు.

"ఉన్నది ఉన్నట్టు తీశాడు నాన్నా, అంతే."

కార్డు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. "నాకొక కాపీ ఇస్తావా? పర్సులో పెట్టుకుంటాను."

బుజ్జమ్మ ఒక్క క్షణం ఆయన వేళ్ళ వైపు చూసింది. తర్వాత కార్డు మెల్లగా తీసుకుని సంచిలో వేసుకుంది.

"ఒక్కటే ఇచ్చాడు నాన్నా. అది కార్డుకి అయిపోయింది."

కార్డు సైజు ఫోటోలు ఏ స్టూడియోవాడూ ఒక్కటి వెయ్యడు. ఒక కాగితం మీద ఎనిమిది వేసి, కత్తిరించి, చిన్న కవర్లో పెట్టి ఇస్తాడు. బాబాయి నలభై ఏళ్ళుగా అలాగే ఇస్తున్నాడు.

"సరేలే అమ్మా" అన్నాడు.