ఆవిరి లెక్క కోసం ఖమ్మం పోయి సిగ్గుతో తిరిగొచ్చాను

నా పేరు సమ్మక్క. వయసు డెబ్బై దాటింది. ములకలపల్లి దగ్గర అడవి అంచు ఊరు మాది. ఇంట్లో నేను, కొడుకు, కోడలు పద్మ. ఖమ్మంలో ఇంజనీరింగ్ పై చదువు చదివే మనవరాలు స్వప్న. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే కంప్యూటర్‌లో కొడుతున్నది స్వప్నే. దాని చదువు పని చూసే సార్‌ను బెదిరించడానికి అదే నన్ను పిలిపించుకుందని కాలేజీలో అనుకుంటున్నారట. అది అబద్ధమని చెప్పడానికీ, పిల్లల పనిమీద కాలేజీకి బయలుదేరే పెద్దల కోసమూ ఇది రాయిస్తున్నాను.

స్వప్న వాళ్లమ్మకు ఫోన్ చేసి ఏడ్చింది, ఇన్నాళ్లు చేసిన లెక్కను సార్ ఒప్పుకోలేదని. కరెంటు తయారుచేసే చోట ఆవిరి ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఆ ఆవిరి చల్లబడి ఎక్కడ బొట్లు కడుతుందో, బొట్టు ఎంతవుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం దాని పని. ఆ బొట్లు తగిలి తగిలి చక్రం రెక్కలు అరిగిపోతాయట. సార్ ఎందుకు ఒప్పుకోలేదో నేను అడగలేదు. ఒకప్పుడు అడవి ఆఫీసులో గొంతెత్తితేనే మా చెలక భూమి మాకు మిగిలింది. ఎక్కడైనా అదే మందనుకున్నాను.

తెల్లారకముందే, కోడలు వద్దంటున్నా, మా ఊరి సైదులు ఆటో ఎక్కాను.

"ఏందవ్వా, పొద్దుగాల్నే ఎవలి మీదికి?" అన్నాడు.

"నీ మీదికైతే గాదు, జల్దీ పోనియ్" అన్నాను.

పాల్వంచ దాకా యాభై రూపాయలు తీసుకున్నాడు. అక్కడ బస్సెక్కి కొత్తగూడెం మీదుగా ఖమ్మం చేరేసరికి ఎండ ముదిరింది. మిర్చి బండ్లు అడ్డంపడి మార్కెట్ దగ్గర చాలాసేపు ఆగాం. నా కోపం మాత్రం ఆగలేదు.

కాలేజీ వరండాలోనే సార్ ఎదురయ్యాడు. పక్కన స్వప్న, చుట్టూ పిల్లలు. అడవి దిక్కు పిల్లని తొక్కుతున్నావా అని మొదలుపెట్టి నోటికొచ్చిందల్లా అన్నాను. ఆయన కుర్చీ తెప్పించాడు. నేను కూర్చోలేదు.

"దాని లెక్కల తప్పేందో అందరి ముందట చెప్పు" అన్నాను.

ఆయన చెప్పలేదు. స్వప్నే చెప్పింది.

"నాయినమ్మా, సార్‌ది తప్పు లేదు. ఆవిరి ఒత్తిడి గీత అసలు కొలతలతోని కలిసేదాక లెక్కల ఒక అంకె మార్చుకుంట పోయిన. అది కలిసింది గని బొట్ల సైజు కలవలే. ఆ గ్రాఫు బొమ్మ నేను సార్‌కు చూపెట్టలే."

సార్ తన గదిలో ఇద్దరి మధ్యే ఉంచి కాపాడిన మాట అది. దాన్ని అందరి ముందు పిల్ల నోటితోనే చెప్పించింది నేను. ఆయన మంచినీళ్ల గ్లాసు నా చేతిలో పెట్టి, స్వప్నతో అన్నాడు: "రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టు. రెండోది ఎందుకు కలవలేదో రాసుకురా." గ్లాసు ఆ కుర్చీ మీదే పెట్టి బస్టాండు దారి పట్టాను.

తిరుగు బస్సులో కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చున్నాను. అడవి ఆఫీసులో నా వైపు న్యాయం ఉంది కాబట్టి గొంతు పనిచేసింది. న్యాయం గొంతులోనే ఉందని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఇది కొడుతూ స్వప్న, నేను సార్‌ను అన్న మాటలు తీసేద్దామంది. వద్దన్నాను. నువ్వు నీ రెండు బొమ్మలూ పెట్టినప్పుడు నా మాటలూ ఉండాలి గదా అన్నాను.

పోయేవాళ్లకు ఒక్క మాట. ఖమ్మంలో దిగగానే కాలేజీకి పోకండి. బస్టాండు బెంచీ మీద పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, సార్ ఏం తప్పు పట్టాడో ముందు అడగండి.

స్వప్న అచ్చు తీసిన ఈ కాగితం మీద వేలిముద్ర వేశాను. ఒక్కదాన్నే, ఎవరూ పిలవకుండా పోయానన్నదానికి సాక్షులు: ఆటో సైదులు, కోడలు పద్మ.