కొసరు లేని కిలో

మొన్న అరసవల్లిలో మా ఇంటి దగ్గరి కొట్టుకు కందిపప్పు కోసం వెళితే, కొట్టావిడ ఎలక్ట్రానిక్ కాటా మీద పప్పు పోసి, అంకె కిలో దాటి నాలుగు గ్రాములు ఎక్కువ చూపించగానే రెండు వేళ్ళతో చిటికెడు తీసి మళ్ళీ బస్తాలో వేసేసింది. తప్పేమీ లేదు. కాటాకి ఈ యేటి ముద్ర కూడా ఉంది, పాత అలవాటు కొద్దీ ముందు అదే చూశాను. ముప్పై ఏళ్ళు తూనికలు కొలతల ఆఫీసులో పనిచేసినదాన్ని, ఇంత కచ్చితమైన తూకం చూసి నాకంటే సంతోషించాల్సిన వాళ్ళెవరు చెప్పండి? అయినా ప్రాణం ఉసూరుమంది. చీపురుపల్లిలో మా మావయ్య కొట్టు కళ్ళముందుకొచ్చింది.

మావయ్య అంటే మా అమ్మకు అన్నయ్య. పప్పులూ, ఉలవలూ, చోళ్ళూ అమ్మేవారు. ఆయన కిలో రాయి అడుగున బిగించిన సీసం ఎప్పుడో ఊడిపోయింది, రాయి తేలికైన సంగతి ఆయనకూ తెలుసు, కొనేవాళ్ళలో సగం మందికీ తెలుసు. సరిచేయించి ముద్ర వేయించాలంటే ఒక రోజు కొట్టు మూసి విజయనగరం పోవాలి కదా, అంచేత ఆయన కనిపెట్టిన ఉపాయం, తూచిన ప్రతి కిలో మీదా గుప్పెడు కొసరు వెయ్యడం. కొసరు మా వైపు అందరూ వేస్తారు గానీ, ఆయన అరచెయ్యి చేటంత ఉండేది, ఆ గుప్పెడు పడ్డాక తక్కువైందన్న మనిషి లేడు. ఆ చెయ్యిని నమ్మి చుట్టుపక్కల ఊళ్ళ రైతులు నడిచి వచ్చేవారు.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు. ఒకరోజు పెద్ద గుమాస్తా సెలవు పెడితే, పంచనామా రాయడానికి ఇన్‌స్పెక్టరుగారు నన్ను చీపురుపల్లి తనిఖీకి తీసుకెళ్ళారు. వరసగా కొట్లు చూస్తూ మావయ్య కొట్టు ముందు ఆగాం. ఈయన మా మేనమామ అని ఒక్క ముక్క చెప్పి పక్కకు తప్పుకోవచ్చు. కొత్త ఉద్యోగం, భయం, ఆ ముక్క చెప్పకుండా పంచనామా కాగితాలు తీశాను. మావయ్య నన్ను చూశారు, చూసి ఎరగనట్టే ఊరుకున్నారు. రాయి తూచి తక్కువని తేల్చాక ఆయన ఒకే మాట అన్నారు.

"రాయి తక్కువే బాబూ, నా సెయ్యి తక్కువ కాదు."

ఇన్‌స్పెక్టరుగారు చెడ్డవారు కారు. గుప్పెడుతో సహా తూయించి చూసి, కిలో దాటిందని ఒప్పుకున్నారు కూడా. కానీ చట్టం ఢిల్లీలో చేసింది, అందులో రాయి ఉంది గానీ గుప్పెడు లేదు. రెండే దారులని విడమరిచి చెప్పారు, తప్పు ఒప్పుకుని సంతకం పెట్టి రాజీ రుసుము కట్టడం, లేదా కోర్టుకెళ్ళి వాదించుకోవడం. ఇదంతా నా చేత్తోనే రాశాను.

మావయ్య కోర్టుకే వెళతారనుకున్నాను. దొంగ తూకం మనిషినని సంతకం పెట్టడం కంటే కొట్టు మూసుకోవడమే నయమనుకునే మనిషి, పైగా వాదిస్తామని ఊరి వర్తకులు ముందుకొచ్చారు. తీరా మావయ్య వారం తిరక్కుండా ఆఫీసుకొచ్చి, నా బల్ల ముందే నిలబడి, తలెత్తకుండా సంతకం పెట్టి వెళ్ళిపోయారు. ఎందుకో చాలాకాలానికి గానీ అత్తయ్య చెప్పలేదు. పంచనామా రాసినదాన్ని గనక కోర్టులో సాక్ష్యం నేనే చెప్పాలట, బంధుత్వం దాచినందుకు నా ఉద్యోగం కూడా పోవచ్చట. "మేనకోడల్ని బోనెక్కించి నాను గెలిసేదేటి?" అన్నారట ఆయన. అది విన్న రోజు నేను ఏడ్చిన ఏడుపు మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఆయన సంతకం పెట్టిన తరవాత నెలలోనే సిగ్గు చంపుకుని ఆ కొట్టుకు వెళ్ళాను. కొత్త రాయి, దాని మీద మా ఆఫీసు ముద్ర. మావయ్య పెసలు తూచి సంచిలో పోశారు. నేను సంచి మూతి తెరిచే పట్టుకున్నాను. ఆయన చెయ్యి పెసల బస్తా వైపు వెళ్ళి, మధ్యలో ఆగి, తిరిగి ఒళ్ళోకి వచ్చేసింది.

"సీలు రాయమ్మా, సరిగ్గానే ఉన్నాది" అన్నారు, కోపం లేకుండానే.

ఆయన బతికున్నన్నాళ్ళూ మళ్ళీ ఎవరికీ కొసరు వెయ్యలేదు. ఇప్పుడు రాళ్ళూ లేవు, సీసమూ లేదు, మోసపోయామంటే సెల్‌ఫోన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు, నాలాంటి వాళ్ళు ఎండలో తిరిగి తెచ్చిన మంచే ఇదంతా, కాదనను. కానీ మొన్న ఆ కొట్టావిడ పప్పు పోసి, డబ్బులు తీసుకుని, ఇంకేం కావాలమ్మా అని అడిగేదాకా, నేను సంచి మూతి తెరిచే పట్టుకుని నిలబడ్డాను.