మా అంగడిలో ప అంటే హ

కర్ణాటకలో ఉండే చింతామణిలో మా పప్పుల అంగడికి ఈ రోజు సాయంత్రం ఒకటో క్లాసు చదివే మా పాప పావని వచ్చి కూర్చునింది.

"నాయనా, కన్నడ శానా సులభం. మన మాటలో ప తీసి హ పెట్టేది, అంతే. పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు" అనింది.

పుట్టినప్పటి నుంచి రెండు భాషలూ మాట్లాడతాండా, నాకెప్పుడూ తట్టలేదు. నేను మీసం దువ్వుకుంటాండగానే ఒకామె వచ్చి కన్నడలో తొగరిబేళె ఉందా అని కందిపప్పు అడిగింది.

"హప్పు ఇదె" అని, ఉందని కన్నడలోనే మా పాప జవాబిచ్చింది.

ఆమె నవ్వి, "నిన్న హెసరేను, పుట్టీ?" అని పేరడిగింది.

"హావని."

ప తో మొదలయ్యే పేరుండేవాళ్ళు మా అంగడికి కొంచెం తయారై రాండి. నేను ప్రసాదు, నాకింక తప్పేదే లేదు.